చేత వెనుక చిత్తం

తెలుగునాట ఏ ఇంట వ్రతం తలపెట్టినా, యజమాని పీటమీద కూర్చుని, ఆచమనం చేసి, ప్రాణాయామం ముగించి, ముందుగా చెప్పుకునేది సంకల్పం. ఎదుట పంచపాత్రలో నీరు, చేతిలో అక్షతలు. పురోహితుడు పలికిస్తుండగా ఆయన మొదట కాలాన్ని తలుస్తాడు: బ్రహ్మ ఆయువులో రెండవ పరార్ధం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, అందులో ప్రథమ పాదం. పిదప దేశాన్ని తలుస్తాడు: జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిక్కు, శ్రీశైలానికి తానున్న దిశ, తన ఇల్లు ఏ నదుల నడుమ ఉన్నదో ఆ నదుల పేర్లు. ఆ తరువాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన తన గోత్రం, తన పేరు. అన్నిటికీ చివర, తాను చేయబోతున్నదేమిటో, దేనికోసం చేయబోతున్నాడో. ఇంతా చెప్పుకున్నాక గాని నీరు విడవడు; నీరు విడిచాక గాని పని మొదలుకాదు.

ఈ విధిని ఏర్పరచిన పెద్దలు, మన ఊరూ పేరూ దైవానికి తెలియవని అనుకున్నవారు కారు. తెలియవలసినది కర్తకే. ఒక కల్పమంటే 432 కోట్ల సంవత్సరాలనీ, అందులో ఒక్క కలియుగమే 4,32,000 ఏండ్లనీ లెక్కగట్టినవారు, ఆ మహాకాలం ఎదుట మనిషిని నిలిపి, ఈ క్షణం నీది, ఈ చోటు నీది, ఈ చేయి నీది, దీనితో ఏమి చేయబోతున్నావు, ఏ బుద్ధితో చేయబోతున్నావు అని అతని నోటనే అతణ్ణి అడిగించారు. పర్వతాలు అరిగి నేలమట్టమయ్యేంత కాలప్రవాహంలో ఉద్ధరిణెడు నీరు విడిచే వ్యవధి ఏపాటిది? అయినా మానవుడికి దక్కినది ఆ వ్యవధే, అతడు ధర్మాన్ని నిలుపుకోవలసినదీ అందులోనే, పోగొట్టుకునేదీ అందులోనే.

కర్మకు ఆ కొసన మరొక కట్టుబాటు పెట్టారు. ఆహుతి వేసినవాడు ఇక ఇది నాది కాదని చెప్పి లేవాలి. పూజ ముగించినవాడు ఫలాన్ని పరమేశ్వరార్పణం చేసి నీరు వదలాలి. ఆరంభంలో ఎరుక, అంతంలో త్యాగం, ఈ రెంటి నడుమ పని. ఇంతటి కట్టుదిట్టాన్ని మనం పండుగపూటకే పరిమితం చేసుకున్నాం. ఆ పూట కూడా మాటలు నాలుకమీదుగా దొర్లిపోతుంటే మనస్సు వచ్చిన చుట్టాల లెక్క చూసుకుంటూ ఉంటుంది. తక్కిన దినమంతా, కూలి చేతిలో పెట్టడం, దాహమన్నవారికి నీళ్లివ్వడం, అడిగిన మాటకు బదులు చెప్పడం, తలుపు తీయడం, దీపం పెట్టడం, ఇలాంటి వందల చేతలు ఏ సంకల్పమూ లేకుండా పుట్టి, ఏ అర్పణమూ లేకుండా గిట్టుతున్నాయి.

ఇది ఎవరూ ఎరుగని ధర్మం కాదు. పుచ్చుకునే స్థానంలో ఉన్నప్పుడు ప్రతి ప్రాణికీ ఇది తెలుసు. పాలు పట్టే తల్లి ముఖంలోని విసుగును పసికందు గుర్తుపడుతుంది. భోంచేసి వెళ్ళండి అన్న పిలుపు గుండెలోనుంచి వచ్చిందో, పెదవి చివరినుంచి వచ్చిందో గడపలో నిలిచిన అతిథికి ఒకరు చెప్పనక్కరలేదు. వినికిడి తగ్గిన తండ్రి అడిగినదే మూడవసారి అడిగితే, కొడుకు చెప్పిన సమాధానంలో తప్పేమీ ఉండదు. మొదట చెప్పిన మాటలే మళ్ళీ చెబుతాడు. అయితే ఆ మాటల అడుగున ఉన్న చిరాకు, మాటలు వినబడని ఆ చెవికి కూడా వినబడుతుంది. ఆనాటినుంచి ఆ వృద్ధుడు అడగడం మానుకుంటాడు. ఇంట్లో అది ఎవరి లెక్కకూ రాదు. ఇల్లు ప్రశాంతంగా ఉన్నదనే అనుకుంటారు. పని ముగించుకుని వెళ్ళే మనిషికి జీతం ఒక పైసా తగ్గకుండా ఇస్తూనే, చేతికి అందించక అరుగుమీద పెట్టి తీసుకోమన్నవారు ధనం విషయంలో ఋణవిముక్తులే. ఆ చేయి చాచి వెనక్కు తీసుకున్న మనిషి మాత్రం ఆ రాత్రి ఏమి తలుచుకుని పడుకున్నదో వారికి తెలియదు. తీసుకునేటప్పుడు ఇంత సూక్ష్మంగా గ్రహించగల నరుడు, ఇచ్చేటప్పుడు ఎందుకు మరచిపోతున్నాడు? ధర్మశాస్త్రాలన్నీ తిరిగి తిరిగి వచ్చేది ఈ ప్రశ్న దగ్గరికే.

పెండ్లి పంక్తిలో వడ్డన జరుగుతున్నప్పుడు ఇది కంటికి కనబడుతుంది. అరటి ఆకుల కొసలు ఎడమవైపుకు ఉండేటట్టు పరిచి, నీళ్లు చల్లి, పంక్తి తీర్చారు. కూరలూ పచ్చళ్లూ పప్పూ పడ్డాయి, వేడి అన్నం వచ్చింది, ఇక నేయి వడ్డించే మనిషి బయలుదేరాడు. అతని ముఖాన్ని విడిచి చేతిని చూడాలి. పంక్తి మొదట్లో కూర్చున్న అధికారి ఆకు దగ్గర గరిటె వంగుతుంది, ధార సన్నగా సాగుతుంది, ఇంకొంచెం అన్న మాట తోడవుతుంది, వద్దని ఆయన చేయి అడ్డం పెట్టేదాకా ధార తెగదు. నడిమి వరుసలో గరిటె ఆగీ ఆగకుండా కదులుతుంది. కడపట, గోడవారగా, దూరపు చుట్టరికం చెప్పుకుని వచ్చిన పేదవాడు కూర్చుని ఉంటాడు. అక్కడికి వచ్చేసరికి ఒక చుక్క రాలి, గరిటె ముందుకు పోతుంది. వడ్డించినవాణ్ణి నిలిపి అడిగితే అందరికీ వేశానంటాడు. అది అబద్ధం కాదు, ఏ ఆకూ నేయి లేకుండా లేదు. పక్షపాతం చూపాలని అతడు తలచనూ లేదు. తలచకుండానే అతని చేయి ఒక్కొక్కరి విలువ కట్టుకుంటూ వెళ్ళింది. మనస్సు ఎరుగకుండా చేయి చేసే ఈ లెక్క గురించే పూర్వులు భయపడ్డారు. పంక్తిభేదాన్ని పాతకాలలో చేర్చారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనన్న సామెత, తినేవారి వైపునుంచి అదే సత్యాన్ని పలుకుతున్నది. వడ్డించేవాడు అందరివాడై ఉండవలసినదన్న బాధ ఆ సామెత లోపల దాగి ఉన్నది.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. పంక్తిభేదం పాపమని శాస్త్రం చెప్పుకున్న సమాజమే, పుట్టుకను బట్టి పంక్తులను వేరుచేసి, కొందరికి పెరటిలో పెట్టి, మరికొందరిని గుమ్మమే దాటనీయక తరతరాలు గడిపింది. తెలిసిన ధర్మాన్ని మరచిన మరపులలో ఇంతకంటె దీర్ఘమైనది ఈ నేలమీద లేదు. ఆనాటి గృహస్థులలో అనేకులు నిత్యాగ్నిహోత్రులు, జపతపాలు తప్పనివారు. ఆచారాన్ని అంత జాగ్రత్తగా కాపాడుకున్నవారు ఆ ఆచారం వెనుక ఉన్న తమ చూపును ఒక్కనాడైనా పరీక్షించుకుని ఉంటే, అంతటి దోషం అన్ని తరాలు నిలిచేది కాదు.

గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఇల్లాలిగా ఉన్న కాలంలో, ఏ వేళ ఎవరు వచ్చినా ఆ ఇంట పొయ్యి వెలిగేది. ఆమె జీవితంలో ఒకే ఒక్కసారి అంతర్వేది దర్శనానికి బయలుదేరిందని, దారిలో ఆకలితో నడిచివస్తున్న ఒక కుటుంబం, సీతమ్మ ఇల్లు చేరితే అన్నం దొరుకుతుందని పిల్లలకు ధైర్యం చెప్పుకోవడం విని, పల్లకీని వెనక్కు తిప్పించి ఇల్లు చేరిందని కోనసీమలో చెప్పుకుంటారు. అన్నం పెట్టినవారు ఆ సీమలో ఆమెకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. అయినా దైవదర్శనానికీ, ఎవరో తెలియని బిడ్డల ఆకలికీ నడుమ ఆమె చిత్తం ఏ తర్కమూ చేయలేదు. ఏది ముందో ఆమెకు అప్పటికే తెలిసి ఉన్నది. లోకం ఆమెను అన్నపూర్ణ అన్నది ఆ తెలివికి.

దానం చేసినా దోషం చేరే తీరును కఠోపనిషత్తు తన తొలిపుటలోనే చూపింది. వాజశ్రవసుడు సర్వమూ దానం చేస్తానని యాగం తలపెట్టి, నీరు తాగడం, మేత మేయడం, పాలివ్వడం, ఈనడం అన్నీ ముగిసిన ముసలి గోవులను ఇస్తున్నాడు. విధిలో లోపం లేదు, గోదానం గోదానమే. చూస్తున్న చిన్నవాడు నచికేతుడికి మాత్రం ఆ ఇవ్వడం వెనుక ఉన్న దాచుకోవడం కనబడింది. నన్ను ఎవరికిస్తావని తండ్రిని అడిగాడు. మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆ ప్రశ్నే అతణ్ణి యముని వాకిటికి చేర్చింది. చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యుడికి తైత్తిరీయంలోని ఆచార్యుడు దానం చేయమని చెప్పి ఊరుకోడు. శ్రద్ధతో ఇమ్మంటాడు, సిగ్గుపడుతూ ఇమ్మంటాడు, వెరుపుతో ఇమ్మంటాడు. ఇచ్చేవాడు తలవంచుకోవడమెందుకు? తన దగ్గర ఇంత ఉండి ఎదుటివాడి దగ్గర లేకపోవడాన్ని చూసి. భారతంలో ధర్మరాజు అశ్వమేధం ముగిసిన వేళ సభలోకి వచ్చిన ముంగిస కథ అందరూ ఎరిగినదే: ఏరుకున్న గింజలతో బతికే కుటుంబంలో నలుగురు తమ తమ వంతు పేలపిండిని అతిథికి పెట్టిన చోట పొర్లితే దాని దేహంలో సగం బంగారమైంది, రాజసూయాశ్వమేధాలు చేసిన చక్రవర్తి యాగశాలలో పొర్లితే తక్కిన సగం మారలేదు.

మన ఆలయాల మెట్లమీదా, నేలరాళ్లమీదా దాతల పేర్లు చెక్కి ఉంటాయి. ఒకరు ఆ పేరు పదికాలాలు నిలవాలని చెక్కించుకున్నారు. మరొకరు భక్తుల పాదధూళి తమ పేరుమీద పడితే చాలునని చెక్కించుకున్నారు. ఉలి ఒకటే, శిల ఒకటే, వ్రాత ఒకటే. చూసేవాడు ఎంత పండితుడైనా ఈ పేరు ఆ రాయికి ఏ చిత్తంతో చేరిందో తేల్చలేడు. అందువల్లనే చిత్తపరీక్షను పెద్దలు లోకానికి అప్పగించలేదు, ఎవరిది వారికే విడిచిపెట్టారు. పరుల భావాలను శోధించే నేర్పు మనకు సహజంగానే ఉన్నది. దానికి ఉపదేశం అక్కరలేదు. కాలక్రమాన రెండు రాళ్లమీదా అక్షరాలు అరిగిపోతాయి. చెక్కించినవారి వెంట పోయినది వారి వారి భావమే.

తనలోకి తాను ఎలా చూసుకోవాలో బుద్ధభగవానుడు కన్నకొడుకుకే బోధించాడు. రాజగృహం సమీపాన అంబలట్ఠికలో, ఇంకా బాలుడైన రాహులుణ్ణి, అద్దం దేనికని అడిగాడు. చూసుకోవడానికన్నాడు బాలుడు. అట్లే చేతను, మాటను, తలపును చూసుకోమన్నాడు తండ్రి. చేయబోయే ముందు చూసుకో, చేస్తుండగా చూసుకో, చేసిన తరువాత చూసుకో. అది నీకు గాని, ఇతరులకు గాని, ఇద్దరికీ గాని కీడు కలిగించేదైతే ముందే మానుకో, నడుమనైతే ఆపు. చేసి ఉంటే తెలిసినవారి ఎదుట దాచకుండా చెప్పుకుని, మళ్ళీ చేయకుండా నిగ్రహించుకో. నిర్మలమైనదైతే ఆ సంతోషంతోనే రేయింబవళ్ళు సాధన సాగించు అన్నాడు. ఏడేళ్ళ పిల్లవాడు చేయగల ఈ పనికి అడవులు అక్కరలేదు, ఆసనాలు అక్కరలేదు. అమరావతిలో స్తూపాన్ని, నాగార్జునకొండలో విహారాలను నిలిపిన కృష్ణాతీరానికి ఈ మార్గం పరాయిది కాదు. ఆ స్తూపం మోడయింది. ఆ విహారాలున్న లోయ జలాశయంలో మునిగింది. చేయబోయే ముందు ఒక్క ఊపిరి ఆగి చూసుకోవడం మాత్రం ఈనాటికీ ఎవరి చేతిలోనైనా ఉన్నది.

చూసుకున్నవారికి మొదట కనబడేది సంతోషపెట్టేది కాదు. రోగిని పలకరించడానికి వెళ్ళడంలో, వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం కనబడుతుంది. ఉపవాసంలో, అది అందరికీ తెలియాలన్న ఆశ, ఆకలి ముదిరేకొద్దీ ఇంటివారిమీద విరుచుకుపడే కోపం కనబడతాయి. హితవు చెప్పడంలో, చెప్పేవాడి ఆధిక్యం కనబడుతుంది. పొగిడే మాటలో ముందుచూపు, మౌనంలో సాధింపు, క్షమించానన్న మాటలో ఇంకా ఆరని పగ కనబడతాయి. అన్నిటికంటె గుర్తించడం కష్టమైనది, సద్గుణం వేషంలో పెరిగే అహంకారం. వరిచేలో ఊద వరిలాగే పచ్చగా, వరికంటె ఏపుగా లేస్తుంది. వెన్ను తీసేదాకా అలవాటు లేని కంటికి తేడా తెలియదు. తపస్సు చేసేవాడి గర్వం, సేవ చేసేవాడి గర్వం అటువంటివి. తన చిత్తాన్ని తాను గమనించుకుంటున్నానన్న గర్వం కూడా ఆ జాతిదే.

ఇంత మాలిన్యం కనబడిన తరువాత, శుద్ధి కలిగేదాకా పని ఆపుకుందామనిపించడం సహజం. ఆ ఆలోచనకు పెద్దల సమ్మతి లేదు. ఆకలిగొన్నవాడు పెట్టేవారి అంతఃకరణశుద్ధి కోసం ఎదురుచూడలేడు. కీర్తికాంక్షతో తవ్వించిన చెరువు నీరు కూడా దాహం తీరుస్తుంది. కనుక విస్తరి వేయడం మానకుండానే వడ్డించే చేతిని సరిదిద్దుకోవాలి. వెళ్ళి పలకరించడం మానకుండానే, పరామర్శ మధ్యలోనైనా, మంచంమీద ఉన్న మనిషి వైపు చిత్తాన్ని తిప్పుకోవాలి. పని మొదలైన తరువాత కూడా సంకల్పం మార్చుకోవచ్చు. చెరువు తవ్వించినవాడు సైతం, గట్టుమీద నిలిచి, నీరు ముంచుకుంటున్న ఆడవాళ్ళను చూసి, తన పేరు మరచిపోయిన క్షణం ఒకటి ఉండవచ్చు. ఆ క్షణంనుంచి అతని దానం మరొకటి.

ఆలస్యానికి మాత్రం అవకాశం లేదు. మనం ఎవరితో విసుగుగా మాట్లాడుతున్నామో వారు కలకాలం మన ఎదుట ఉండేవారు కారు. అడిగినదే అడిగే తండ్రికీ ఒక చివరి ప్రశ్న ఉంటుంది. అది చివరిదని ఆనాడు ఎవరికీ తెలియదు. ఆబ్దికం నాడు పిండం పెట్టే చేయి ఎంత శ్రద్ధగా దర్భను పట్టుకున్నా, బతికి ఉండగా అన్నం పళ్ళెం ఎలా ముందుకు తోసిందో ఆ చేతికి జ్ఞాపకం ఉంటుంది. తద్దినాన్ని శ్రద్ధతో పెట్టమన్న శాస్త్రం, అంతకుముందు గడిచిన దినాలకు వేరొక నియమం చెప్పలేదు.

భారతంలోని అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడి కథ ఉంది. తెలుగులో దానిని ఎఱ్ఱన చెప్పాడు. చెట్టు కింద వేదం వల్లిస్తుండగా పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంతో అతడు పైకి చూసిన చూపుకే అది చచ్చి కిందపడింది. జాలిపడ్డాడు, పశ్చాత్తాపపడ్డాడు, ఆపైన మామూలుగా భిక్షకు వెళ్ళాడు. ఒక ఇంటి ఇల్లాలు ఉండమని చెప్పి లోపలికి పోయింది. ఇంతలో ఆకలితో భర్త వచ్చాడు. ఆయనకు కావలసినవి చూసి, అప్పుడు భిక్ష గుర్తుకువచ్చి, సిగ్గుపడుతూ తెచ్చింది. కౌశికుడి కళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. తాను కొంగను కానని ఆమె నెమ్మదిగా అన్నది. చెట్టు కింద ఎవరూ లేని చోట జరిగినది వంటింటి ఇల్లాలికి తెలిసింది. కోపం మనిషి దేహంలోనే ఉన్న శత్రువని చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు పొమ్మన్నది.

మిథిలలో అతడు చేరినది మాంసం అంగడికి. కొనేవారి గుంపు నడుమ ధర్మవ్యాధుడు కూర్చుని అమ్ముతున్నాడు. తాను చంపడు, ఇతరులు తెచ్చినదాన్ని న్యాయమైన వెలకు ఇస్తాడు. బ్రాహ్మణుణ్ణి ఇంటికి తీసుకువెళ్ళి, ఎంతో సేపు ధర్మసూక్ష్మాలు చెప్పి, చివరకు లోపలి గదిలోకి పిలుచుకుపోయి చూపించాడు: స్నానపానాలు ముగించి, తెల్లని వస్త్రాలు కట్టుకుని, సుఖంగా కూర్చున్న తన తల్లినీ తండ్రినీ. దేవతలకు ఇతరులు ఏమేమి చేస్తారో అవన్నీ వీరికి చేస్తానన్నాడు. ఆ తరువాత, కౌశికుడు అడగని విషయం తానే ఎత్తాడు. వేదం చదవాలని నీవు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచి వచ్చావు. ముసలివారు నీమీది దిగులుతో చూపు పోగొట్టుకున్నారు. వెళ్ళి వారిని ప్రసన్నుల్ని చేసుకో అన్నాడు.

చదివిన వేదంలో ఒక్క అక్షరం తప్పు లేదు. నియమాలలో లోపం లేదు. చూపుతో ప్రాణం తీయగల తపశ్శక్తి సిద్ధించింది. ఆ చదువు ఏ చిత్తంతో మొదలైందో, దానికి ఇంట్లో ఎవరు వెల చెల్లిస్తున్నారో మాత్రం ఇన్నేళ్ళలో అతడు వెనుదిరిగి చూడలేదు. కౌశికుడు వాదించలేదు. ఆ వ్యాధుడికి ప్రదక్షిణం చేసి, సెలవు తీసుకుని, తల్లిదండ్రుల సేవకు ఇంటిదారి పట్టాడు.